నాలుగు కిలోల అబద్ధం

మొజంజాహి మార్కెట్ వెనక
ఐస్‌క్రీం వాసన ఆగిపోయి మిషన్ నూనె వాసన మొదలయ్యే గల్లీలో
తుఫైల్ చాచా దుకాణం.
బోర్డు మీద తుపాకి బొమ్మ సగం వెలిసింది.
దాని కింద కొత్త పెయింటుతో
‘కుట్టుమిషన్లు బాగుచేయబడును’.

కౌబాయ్ పిక్చర్ పని మీద వచ్చాను.
శంకర్‌పల్లి అవతల పాత క్వారీలో అమెరికా వేశాం.
గుర్రాలు మలక్‌పేట నుంచి,
టోపీలు బేగంబజారు నుంచి,
దుమ్ము మాత్రం అక్కడిదే.
ఇక తుపాకి ఒకటి కావాలి,
కింద లివర్ తోస్తే పైన నోరు తెరిచే పాతకాలం రకం.

“ఐదువేలల్లో తేల్చు,” అన్నాడు మేనేజర్ కూర్మారావు.
“తెర మీద రెండు సెకన్లు. ఎవడు చూస్తాడు?”
ఆ ఎవడి కోసమే కదా
పదకొండేళ్లుగా నేను సామాన్లు మోస్తున్నది.

చాచా బల్ల మీద దుప్పటి పరిచాడు.
ఫైబర్‌ది పెట్టాడు. పెట్టలేదు, పడేశాడు.
ప్లాస్టిక్ బకెట్ చప్పుడు చేసింది.
రెండోది విదేశీ సరుకు,
పెళ్లికొడుకు బూటులా మెరుస్తోంది.
చెంప మీద ప్లస్ గుర్తు స్క్రూ.
“నూటయాభై ఏండ్ల కింద ఈ స్క్రూ యాడిది బేటా?”
నా వంక చూడకుండానే అన్నాడు,
“అబద్ధమాడేటోడు తారీకులు యాదికుంచుకోవాలె.”

మూడోదాన్ని లోపలి గదిలోంచి
నిద్రపోతున్న పిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు.
కర్ర ఇనుములోకి దిగే చోట గోరు పెట్టి గీశాను.
గోరు దూరలేదు.
గొట్టానికి ఎనిమిది పలకలు.
కిటికీ దగ్గర తిప్పితే
ఒక్కో పలక మీదా వెలుగు తిన్నగా జారింది,
ఎక్కడా వణకలేదు.
తూటాలు మింగే చిన్న మూత
వేలు తీయగానే పిల్లి రెప్పలా మూసుకుంది.
గొట్టం లోపల ఉక్కు దిమ్మ. అతికేసి ఉంది.
“ఎన్నడు పేలది. కాగితం రాసిస్త.”

వాళ్ల అబ్బాజాన్ వేటగాళ్ల తుపాకులు బాగుచేసేవాడట.
ఇతను పేలని వాటిని చేస్తాడు.
ఏది కష్టం అని అడిగాను.
“పేలేదాంట్ల తప్పులెవరు చూస్తరు?
అందరు దూరం జరుగుతరు.
పేలనిదాన్నే దగ్గరికొచ్చి చూస్తరు.”

లివర్ కిందికి తోసి, పైకి లాగాను.
సికింద్రాబాద్ యార్డులో పట్టా మారినట్టు
చిన్నగా, లోతుగా.

నాకు తెలుసు, ఆ చప్పుడు సినిమాలో ఉండదు.
మణికొండలో ఒక చీకటి గదిలో
కుర్రాడెవడో తలుపు గొళ్లెంతో, స్టేప్లర్‌తో
ఇంకోటి పుట్టిస్తాడు.
నాలుగు కిలోల బరువు
తెర మీద సున్నా.
కానీ ఫైబర్‌ది చేతికిస్తే
మా హీరో చీపురులా ఊపుతాడు, జోకులేస్తాడు.
ఇది ఇస్తే భుజం ఒకవైపు దిగి
కాసేపు నోరు మూసుకుంటాడు.
ఆ మూసుకున్న నోటి ఖరీదు
ఇరవై రెండు వేలు.

కూర్మారావుకి ఫోన్ చేశాను. తిట్లన్నీ విన్నాను.
పైన పడ్డదాంట్లో సగం నా పేమెంట్లో కోసుకోమన్నాను.
ఎందుకన్నానో తెలీదు.
ఇంటికెళ్లాక మా ఆయనకి
ఏం చెప్పాలో కూడా తెలీదు.

దుప్పటి చుట్టి, ఆటోలో ఒడిలో పెట్టుకున్నాను.
నాంపల్లి దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.
విప్పమన్నాడు.
చాచా కాగితం రెండుసార్లు చదివాడు,
గొట్టంలోకి టార్చి కొట్టాడు,
నన్ను చూశాడు, రోడ్డు చూశాడు.
“ఒక్కసారి లాగి చూడొచ్చా మేడమ్?”

లాగాడు.
మళ్లీ లాగాడు.
వెనక హారన్లు మొదలయ్యాయి.
ఆటోవాలా ఇంజన్ ఆపేసి
ప్యాంటుకి చేతులు తుడుచుకుంటూ దిగాడు.